కంచులో మనిషి పోలిక

గోదావరి డెల్టాకు లోహపు విగ్రహాలు కొత్త కాదు. మైనంతో రూపం మలిచి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసిన ఉత్సవమూర్తులను ఇక్కడి గుళ్లు తరతరాలుగా చూస్తున్నాయి. దేవుడి విగ్రహానికి కొలతలు శాస్త్రం చెబుతుంది. ఫలానా మనిషి ముఖాన్ని, అతని చెంపల పల్లాన్ని, కనురెప్పల బరువును పట్టుకోవడం వేరే పని. తెలుగు నేల మీద దానికీ పాత ఆనవాళ్లున్నాయి. తిరుమలలో కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలుచున్న రాగి ప్రతిమలు 16వ శతాబ్దివి. అయితే అవి గుడిలో ఉన్నాయి, నడివీధిలో కాదు.

నలుగురూ తిరిగే చోట మనిషి విగ్రహం నిలపడం ఇంగ్లిషువాళ్ల హయాంలో వచ్చింది. మద్రాసులో గుర్రమెక్కిన గవర్నరు థామస్ మన్రో కంచు విగ్రహం 1839 నాటిది. చేసింది లండన్ శిల్పి చాంట్రీ. అప్పటికి అమెరికాకు కూడా పెద్ద కంచు పోత పట్టుబడలేదు. 1847లో శిల్పి రాబర్ట్ బాల్ హ్యూస్ చేసిన గణితవేత్త నథానియల్ బౌడిచ్ విగ్రహాన్ని అక్కడ పోసిన తొలి నిలువెత్తు కంచు ప్రతిమగా చెబుతారు. ఆ పోత కుదరక 1886లో పారిస్‌లో మళ్లీ పోయించారు. ఆ తర్వాత వాళ్లు చకచకా నేర్చారు. 1888లో అమెరికా శిల్పి సెయింట్ గాడెన్స్, జనరల్ షెర్మన్ ముఖం మలచడానికి ఆయన్ని 18 సార్లు ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఇలాంటి ప్రతిమలకు అక్కడి మ్యూజియంలు శిల్పి పేరు, మట్టిలో మలచిన ఏడాది, లోహంలో పోసిన ఏడాది విడివిడిగా రాసిపెడతాయి.

బౌడిచ్ విగ్రహం పోసిన 1847లోనే ధవళేశ్వరంలో గోదావరి మీద ఇంగ్లిషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలైంది. 1852కి పూర్తయింది. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో చాలాచోట్ల తెల్లదొరల విగ్రహాలు తీసేశారు. డెల్టాలో మాత్రం పొలాలకు నీళ్లిచ్చిన ఈ ఒక్క దొర విగ్రహాలు పెరిగాయి. ధవళేశ్వరం దగ్గర ఆయన గుర్రం మీద ఉంటాడు. ఊళ్లలో, కాలువ గట్ల మీద ఛాతీ వరకే ఉన్న విగ్రహాలు కనిపిస్తాయి. కొన్ని కంచువి, చాలా వరకు సిమెంటువి. మే 15న, ఆయన పుట్టినరోజున, వాటికి రైతులే దండలు వేస్తారు. నా దృష్టిలో మన దగ్గర ప్రతిమాశిల్పానికి ఇంతకన్నా గట్టి పునాది లేదు.

చేతులు కూడా మనవే. కోనసీమలోని కొత్తపేటలో శిల్పి రాజ్‌కుమార్ వడయార్ శిల్పశాల నుంచి నాయకుల, కళాకారుల విగ్రహాలు ఎన్నో ఊళ్లకు వెళ్లాయి. షెర్మన్‌లా ఎదురుగా కూర్చునేవాళ్లు ఇలాంటి శిల్పులకు అరుదు. పోయినవాళ్ల విగ్రహానికి తరచూ దొరికేది ఎదురుగా తీసిన ఒక్క ఫొటో. ముక్కు ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో, మెడ వెనక ఎలా వంగిందో అది చెప్పదు. మట్టి నమూనా దగ్గర ఇంటివాళ్లు నిలబడి “గడ్డం ఇంకాస్త తగ్గాలండీ” అంటే, శిల్పి బొటనవేలితో ఆ చోట నొక్కుతాడు. పోలిక ఆ వేలి కింద తేలాలి.

ఇంత చేసినవాడి పేరు పీఠం మీద చాలాచోట్ల ఉండదు. ఆవిష్కరించిన మంత్రి పేరు, దాతల పేర్లు పాలరాతిలో చెక్కి ఉంటాయి. విగ్రహం పెట్టించిన కమిటీలోని పెద్దలు ఇంకా ఉండగానే శిల్పి ఎవరో, ఏ ఏడు చేశాడో అడిగి రాయించాలి. ఆ పని కాటన్ విగ్రహాలున్న ఊళ్లతోనే మొదలు కావాలి.