లెక్క ఉంటేనే రక్షణ
పాలరాపు రాబందుల నుంచి కాగజ్‌నగర్ పులుల దాకా... వన్యప్రాణి సంరక్షణలో పౌరుల పాత్ర

ఆదిలాబాద్, కరీంనగర్: బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోటికి చేరువలో నిట్టనిలువుగా లేచిన కొండచరియ పాలరాపు గుట్ట. తెలంగాణ ప్రాంతంలో రాబందు దాదాపు కనుమరుగైందని భావిస్తున్న తరుణంలో, 2013లో ఈ గుట్టపై పొడుగు ముక్కు రాబందుల గూళ్లు వెలుగుచూశాయి. ఆ తర్వాత ఈ ప్రాంతం పక్షి శాస్త్రవేత్తలను, పర్యావరణ ప్రియులను ఆకర్షించింది. అటవీ శాఖ నిఘా ఏర్పాటు చేసింది. ఎన్ని గూళ్లలో పక్షులు కూర్చున్నాయి, ఎన్ని పిల్లలు రెక్కలు తొడిగాయి అన్నది రాసిపెట్టడం మొదలైంది. తర్వాతి ఏళ్లలో ఇక్కడ రాబందుల సంఖ్య తగ్గిందన్న కథనాలు వచ్చాయి. తగ్గిందని చెప్పగలగడానికి అంతకుముందు ఎవరో ఓపికగా లెక్కపెట్టి ఉండటమే కారణం.

ఉత్తర తెలంగాణలో వన్యప్రాణి సంరక్షణకు ఇప్పుడు ఈ లెక్కే కీలకమైంది. అటవీ సిబ్బంది తక్కువ, అడవి విస్తీర్ణం ఎక్కువ. ప్రతి చెరువు దగ్గర, ప్రతి వాగు ఒడ్డున ఒక శాస్త్రవేత్తను నిలబెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఆ లోటును కొంతమేర పూడ్చేది ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు, పశువుల కాపరులు స్వచ్ఛందంగా అందించే సమాచారమే. దీనినే పౌరశాస్త్రం, వాడుకలో సిటిజన్ సైన్స్ అంటున్నారు.

పౌరశాస్త్రం అంటే...

శాస్త్రవేత్తలు నిర్దేశించిన పద్ధతిలో సామాన్య పౌరులు ప్రకృతిని పరిశీలించి, చూసినదాన్ని తేదీ, సమయం, స్థలం, సంఖ్యలతో నమోదు చేయడమే పౌరశాస్త్రం. వినోదం కోసం ఫొటో తీయడానికీ దీనికీ తేడా ఉంది. ఫొటో ఒక క్షణాన్ని చూపుతుంది. ఒకే చోట, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి చేసిన నమోదు మార్పును చూపుతుంది.

పక్షుల విషయంలో ఈ బాట పాతదే. ఆదిలాబాద్, కరీంనగర్ అంతర్భాగాలుగా ఉన్న నిజాం రాజ్యంలో ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో పక్షుల సర్వే నిర్వహించారు. ఆనాటి జాబితాలు నేటికీ పోలికకు ఆధారంగా నిలుస్తున్నాయి. అప్పట్లో అది ఒక నిపుణుడి బృందం చేసిన పని. ఇప్పుడు వేలాది మంది చేస్తున్నారు. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం 2002లో ప్రారంభించిన ‘ఈ-బర్డ్’లో మన దేశ పక్షి పరిశీలకులు తమ జాబితాలు చేరుస్తున్నారు. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ పేరిట 2023లో వెలువడిన నివేదికకు 30 వేల మందికి పైగా పరిశీలకులు అందించిన 3 కోట్లకు పైగా నమోదులే ఆధారం. అందులో 942 జాతుల పరిస్థితిని మదింపు చేసి, 178 జాతులకు సంరక్షణలో అత్యధిక ప్రాధాన్యం ఇవ్వాలని గుర్తించారు.

రాబందులు నేర్పిన పాఠం

లెక్క విలువ ఏమిటో రాబందుల ఉదంతమే చెబుతుంది. ఒకప్పుడు ఊరి వెలుపల పశు కళేబరం పడితే చాలు, రాబందులు గుంపులుగా వాలేవి. ఎంత మామూలు దృశ్యమంటే ఎవరూ వాటిని ప్రత్యేకంగా పట్టించుకోలేదు. 1990ల తొలినాళ్లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దేశంలోని పలు ప్రాంతాల్లో రహదారుల వెంట వాహనాల్లో వెళ్తూ వేట పక్షులను లెక్కించారు. 2000 నుంచి అవే మార్గాల్లో మళ్లీ లెక్కించగా దిగ్భ్రాంతికరమైన వాస్తవం బయటపడింది. 1992, 2007 మధ్య కాలంలో పొడుగు ముక్కు రాబందులు, వాటికి దగ్గరి జాతి కలిపి సుమారు 97 శాతం, తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. మొదటి లెక్క లేకుంటే ఈ పతనం ఊహాగానంగానే మిగిలేది.

కారణం 2004లో తేలింది. పశువులకు నొప్పి నివారణకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరం ద్వారా రాబందుల శరీరంలోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తోందని పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన నిర్ధారించింది. నూటికి ఒక కళేబరంలోపే ఈ మందు ఉన్నా రాబందుల సంఖ్య కుప్పకూలుతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పశువైద్యంలో దీని వాడకాన్ని కేంద్రం 2006లో నిషేధించింది. మనుషులకు ఉద్దేశించిన పెద్ద సీసాలను పశువులకు మళ్లించకుండా 2015లో ఇంజెక్షన్ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించింది. ఇదే తరహా హాని చేసే కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లపై 2023లో నిషేధం విధించింది. మెలాక్సికామ్ రాబందులకు సురక్షితమని పరీక్షల్లో తేలింది.

పొడుగు ముక్కు రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. పిల్ల పెరిగి మళ్లీ గూడు కట్టే వయసు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అందువల్ల ఒక్క పెద్ద పక్షి మరణించినా ఆ నష్టం పూడటం కష్టం. ఆహారం కోసం ఇవి రోజూ పదుల కిలోమీటర్లు ఎగురుతాయి. పాలరాపు గుట్ట దిగువన ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడి అటవీ శాఖ రాబందులకు విషరహిత కళేబరాలు అందించే ‘రాబందుల రెస్టారెంట్లు’ నెలకొల్పింది. గుట్ట ఇటువైపున, మేత అటువైపున ఉన్న పక్షికి రాష్ట్ర సరిహద్దు లేదు. బెజ్జూరు, పెంచికల్‌పేట వైపు పశువులకు ఏ మందు వేస్తున్నారన్నది, ఎక్కడ కళేబరం పడిందన్నది తెలిసేది స్థానిక రైతులకు, కాపరులకే. గుట్టపై పక్షుల లెక్క ఎంత అవసరమో, మందుల దుకాణంలో ఏ సీసా అమ్ముతున్నారన్న ఎరుక అంతే అవసరం.

పులి జాడల వెంట

కవ్వాల్ అభయారణ్యం 1965లో ఏర్పడింది. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 2,015 చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఇటు రావడం పరిపాటి. ‘ఫాల్గుణ’గా పిలిచిన ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లలను కన్న తర్వాత ఈ నడవా ప్రాధాన్యం అందరికీ తెలిసివచ్చింది. వీటిలో చాలా పులులు తిరిగేది అభయారణ్యం హద్దులకు వెలుపల, ఊళ్లు, పత్తి చేలు కలిసిపోయిన అడవుల్లో కావడమే అసలు చిక్కు.

దేశవ్యాప్తంగా 2006 నుంచి నాలుగేళ్లకోసారి పులుల అంచనా జరుగుతోంది. ఒక్కో బీటులో మాంసాహార జంతువుల పాదముద్రలు, మలం, చెట్లపై గోళ్ల గీతలు వెతుకుతూ మూడు రోజులు, శాకాహార జంతువుల కోసం 2 కిలోమీటర్ల నిర్ణీత మార్గంలో మూడు రోజులు నడుస్తారు. ఆ తర్వాత కెమెరాలు అమర్చి, చారల ఆధారంగా ఒక్కో పులిని గుర్తిస్తారు. తెలంగాణలో 2018లో 26 పులులు ఉన్నట్లు తేలగా, 2022లో ఆ సంఖ్య 21కి తగ్గింది. అదే కాలంలో దేశంలో సగటు అంచనా 2,967 నుంచి 3,682కు పెరిగింది. 2026 అంచనాకు పౌరులు వాలంటీర్లుగా రావాలని రాష్ట్ర అటవీ శాఖ ఆహ్వానించింది. హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ వంటి సంస్థల కార్యకర్తలు ఏళ్లుగా కవ్వాల్ పరిసరాల్లో అటవీ సిబ్బందితో కలిసి పనిచేస్తున్నారు. జాడలు గుర్తించడంలో గోండు, కొలాం యువకుల నేర్పు ఏ పుస్తకంలోనూ దొరకదు. తడి ఇసుకపై అడుగు చూసి ఆడపులా, మగపులా, వెంట పిల్లలున్నాయా అన్నది పోల్చుకోగల వారు ఈ గూడేల్లో ఉన్నారు.

జలాశయాలపై చలికాలపు అతిథులు

పౌరశాస్త్రానికి అడవే అక్కర్లేదు. కరీంనగర్ పట్టణం పక్కనే దిగువ మానేరు జలాశయం ఉంది. కడెం, శ్రీరాంసాగర్ జలాశయాలు, కాకతీయుల కాలం నాటి నుంచి వస్తున్న గొలుసుకట్టు చెరువులు శీతకాలంలో వలస పక్షులకు ఆశ్రయమిస్తాయి. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటి పక్షుల గణన జరుగుతోంది. ఇందులో పాల్గొనేది అత్యధికులు స్వచ్ఛంద పరిశీలకులే. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే పెరటి పక్షుల గణన మన దేశంలో 2013లో మొదలైంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనిపించిన, వినిపించిన పక్షులన్నింటినీ నమోదు చేస్తే చాలు. పాఠశాల ఆవరణ, ఊరి చెరువు కట్ట, ఇంటి మిద్దె ఏదైనా సరే.

మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల మధ్య గోదావరిపై ఉన్న శివ్వారం అభయారణ్యాన్ని 1978లో మొసళ్ల రక్షణకు ఏర్పాటు చేశారు. ప్రాణహిత అభయారణ్యం 1980లో కృష్ణజింకల కోసం ఏర్పడింది. ఇటువంటి చోట్ల నది ఒడ్డున చేపలు పట్టేవారు, జింకలు పొలంలోకి వచ్చినప్పుడు కళ్లారా చూసే రైతులే తొలి సాక్షులు. ఇదే గోదావరి కడలిని చేరే కోస్తా తీరంలోనూ పరిస్థితి ఇదే. అక్కడ శీతకాలం చివర ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల జాడ మొదట తెలిసేది మత్స్యకారులకే. వారి సాయంతోనే గుడ్లను సంరక్షణ కేంద్రాలకు చేర్చి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు.

నమ్మకం లేకుంటే లెక్క సాగదు

పౌరుల సహకారం ఉచితంగా వచ్చేది కాదు. 2020 నవంబరులో ఒకే నెలలో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ సమీపంలో పత్తి చేనుకు వెళ్లిన మహిళ బలయ్యారు. అదే ఏడాది జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు మృతిచెందిన ఘటనలో పశు కళేబరానికి విషం పెట్టినట్లు బయటపడింది. పశువును కోల్పోయిన రైతు కోపం విషంగా మారితే పులితోపాటు ఆ కళేబరంపై వాలే రాబందు, నక్క, కుక్క కూడా బలవుతాయి. నష్టపరిహారం ఆలస్యమైన ప్రతిసారీ ఈ ప్రమాదం పెరుగుతుంది.

తాడోబా, కవ్వాల్‌లను కలిపే నడవాలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో కుమురం భీం సంరక్షణ రిజర్వును ఏర్పాటు చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2025 మే నెలలో జీవో 49 జారీ చేసింది. తమ పోడు భూములకు, అటవీ హక్కులకు ముప్పు వస్తుందని ఆదివాసీలు ఆందోళనకు దిగడంతో జులైలో దాన్ని నిలుపుదల చేసింది. పులి జాడ చెబితే ఊరు ఖాళీ చేయిస్తారన్న భయం ఉన్నచోట ఎవరూ జాడ చెప్పరు. లెక్క తప్పుతుంది. తప్పు లెక్కపై వేసిన ప్రణాళిక అటు పులికీ, ఇటు ఊరికీ మేలు చేయదు. గూడేల వారు అందించిన సమాచారం వారికే తిరిగి చేరాలి. ఈ వారం పులి ఏ వైపున ఉంది, ఏ చేనుకు ఒంటరిగా వెళ్లకూడదు అన్నది ముందుగా తెలిసినప్పుడే జాడ చెప్పినవారికి ప్రయోజనం కనిపిస్తుంది.

నమోదు చేసేవారు పాటించాల్సినవి

పరిశీలనలో నిజాయితీయే ప్రధానం. ఖచ్చితంగా గుర్తించలేని పక్షిని గుర్తించలేదనే రాయాలి. సంఖ్యను ఊహించి పెంచరాదు. ఏమీ కనిపించని రోజును కూడా నమోదు చేయాలి. ‘సున్నా’ కూడా సమాచారమే. ఏళ్ల తరబడి కనిపించిన పక్షి ఈ ఏడాది రాలేదన్న సంగతి ఆ సున్నాతోనే తెలుస్తుంది.

పులి, గూడు కట్టిన రాబందు, మరే అరుదైన ప్రాణి కనిపించిన చోటును సామాజిక మాధ్యమాల్లో పెట్టరాదు. వేటగాళ్లకు అదే దారి చూపుతుంది. ‘ఐ-నేచురలిస్ట్’లో ముప్పు ఎదుర్కొంటున్న జాతుల స్థలాన్ని బహిరంగంగా చూపకుండా మరుగుపరిచే ఏర్పాటు ఉంది. గూళ్ల వద్దకు వెళ్లడం, డ్రోన్లు ఎగరేయడం, అరుపులతో పక్షులను లేపడం తగదు. బెదిరిన పక్షి గూడు విడిస్తే గుడ్డు ఎండకు చెడిపోతుంది. రక్షిత అటవీ ప్రాంతంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా ప్రవేశించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉచ్చులు, విద్యుత్తు తీగలు, అనుమానాస్పద కళేబరం కంటబడితే ముట్టుకోకుండా బీటు అధికారికి వెంటనే తెలియజేయాలి.

ఏటా శీతకాలంలో రాబందులు గూళ్లు సర్దుకునే వేళ అవుతుంది. పాలరాపు గుట్టపై ఈసారి ఎన్ని కూర్చున్నాయో చెప్పడానికి ఆవలి ఒడ్డు నుంచి బైనాక్యులర్ పట్టి, గంటల తరబడి చూసి, చిన్న పుస్తకంలో అంకె రాసుకునే మనిషి కావాలి. వచ్చే ఏడాది అదే చోట నిలబడి మళ్లీ అంకె రాసేవారు కావాలి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే రేపటి సంరక్షణ ప్రణాళికకు పునాది అవుతుంది.