తులసీదాస్ బలరాంకి పద్మశ్రీ ఎందుకు రాలేదు? మరిచిపోయిన ఆటగాళ్ళ లెక్క

ఈ ఎపిసోడ్ కొంచెం ఆట గురించి, కొంచెం చరిత్ర గురించి, ఎక్కువగా న్యాయం గురించి. చివరి దాకా వినండి, ఎందుకంటే చివర్లో మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. దానికి మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు.

ముందుగా మన స్టేడియాల పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. మా అనంతపురంలో నీలం సంజీవరెడ్డి స్టేడియం. హైదరాబాద్‌లో ఒకప్పటి ఫతే మైదాన్, ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం. గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం. ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ స్టేడియం. అందరూ నాయకులే. సంజీవరెడ్డి గారు మా జిల్లా ఇల్లూరు మనిషి, రాష్ట్రపతి దాకా వెళ్ళినాయన. ఆయన పేరు పెట్టినందుకు నాకేం బాధ లేదు. నా ప్రశ్న ఒక్కటే: ఆ గడ్డి మీద చెమట కార్చినవాళ్ళ పేర్లు ఏవి?

ఈ రోజు అలాంటి ఒక పేరు గురించి మాట్లాడుకుందాం. తులసీదాస్ బలరాం. విన్నారా? వినకపోతే తప్పు మీది కాదు. మన బడి పుస్తకాల్లో ఆయన లేడు.

బలరాం 1936లో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. పేద కుటుంబం. సందుల్లో, ఖాళీ స్థలాల్లో ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగాడు. ఆయన్ని పట్టుకొని పైకి తెచ్చిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ మొదట బడిపంతులు, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్, ఆ తర్వాత భారత జట్టుకి కోచ్. ఆ సిటీ పోలీస్ జట్టు ఎంత గట్టిదంటే, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచింది. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, దాని సరసన హైదరాబాద్.

ఇప్పుడు అనంతపురం వాళ్ళం మనకేం సంబంధం అంటారేమో. ఈ తేదీలు చూడండి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. అనంతపురం, హైదరాబాద్ ఒకే రాష్ట్రం అయ్యాయి. అదే సంవత్సరం డిసెంబర్ 4న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియాతో సెమీఫైనల్ ఆడింది. అంటే రాష్ట్రం పుట్టి ఇంకా ఐదు వారాలు కూడా కాలేదు, మన రాష్ట్రం కుర్రాడు ఒలింపిక్ సెమీఫైనల్లో దిగాడు. వయసు 20. ఆ జట్టు కోచ్ కూడా మనవాడే. కొత్త రాష్ట్రానికి అంతకంటే పెద్ద శుభవార్త ఏముంటుంది? అయినా రాష్ట్ర అవతరణ గురించి చెప్పేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఆ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కి చేరిన మొదటి జట్టు అదే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద 2-1తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, పెరూ మీద 3-1తో ఓడాం. మనవాళ్ళు కొట్టింది మొత్తం మూడు గోల్స్, అందులో రెండు బలరాంవి. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. దారిలో జపాన్ మీద గెలిచిన మ్యాచ్‌లో బలరాం గోల్ ఉంది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి బంగారం మళ్ళీ రాలేదు.

ఆ జట్టు ముందువరసలో ముగ్గురి పేర్లు కలిపి చెప్తారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ముగ్గురికీ అర్జున అవార్డు వచ్చింది. బెనర్జీకి 1961లో, బలరాంకి 1962లో, చునీకి 1963లో. ఇక్కడిదాకా లెక్క సరిగ్గానే ఉంది. తర్వాత చునీ గోస్వామికి 1983లో పద్మశ్రీ ఇచ్చారు. బెనర్జీకి 1990లో ఇచ్చారు. ఇద్దరూ అర్హులే, అనుమానం లేదు. బలరాం 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ళ వయసులో కలకత్తాలో కన్నుమూశాడు. పద్మశ్రీ రాకుండానే.

ఎందుకు రాలేదు? పద్మ అవార్డుల కమిటీ ఎవరికి ఇచ్చిందో ప్రకటిస్తుంది, ఎవరికి ఎందుకు ఇవ్వలేదో చెప్పదు. కాబట్టి నేను ఎవరి మనసులోకీ దూరి కథలు అల్లను. ఆయనకి వ్యతిరేకంగా వచ్చే వాదనలు ఏంటో మాత్రం మనమే చూద్దాం. అభిమానం పక్కన పెట్టి, లాయర్ లాగా చూద్దాం.

మొదటి వాదన: అప్పటి పోటీ తేలిక. ఇందులో కొంత నిజం ఉంది, దాచిపెట్టకూడదు. మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ ఆడింది 11 జట్లే. మొదటి రౌండ్‌లో హంగరీ రాకపోవడంతో మనం ఆడకుండానే ముందుకెళ్ళాం. జకార్తాలో ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదు. కానీ రెండో వైపు కూడా చూడండి. జకార్తా ఫైనల్లో మనం ఓడించిన దక్షిణ కొరియా 1956లో, 1960లో ఆసియా కప్ గెలిచిన జట్టు. రోమ్‌లో బలరాం గోల్ కొట్టిన హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది. ఆ హంగరీ జట్టులో ఆడిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ తర్వాత 1967లో బాలన్ డోర్ అందుకున్నాడు. తేలిక జట్ల మీద తేలిగ్గా వచ్చిన పేరు కాదిది. పైగా పోటీ తేలికైతే ముగ్గురికీ తేలికే కదా? ఇద్దరికి ఇచ్చి మూడో మనిషి దగ్గరే ఆ తూకం ఎందుకు తీస్తారు?

రెండో వాదన: ఆయన ఆడింది కొద్ది కాలం. ఇదీ నిజమే. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై ఏళ్ళు నిండకముందే బూట్లు విప్పేయాల్సి వచ్చింది. మరి జబ్బు చేసి ఆగిపోయిన ఆటగాడిని ఎలా కొలవాలి? ఆడిన ఏళ్ళు లెక్కపెట్టాలా, ఆడిన ఆట లెక్కపెట్టాలా?

ఈ ప్రశ్నకి జవాబు కోసం కాసేపు అమెరికా వెళ్ళొద్దాం. అక్కడి బేస్‌బాల్ వాళ్ళు దీని మీద ఎనభై ఏళ్ళ పైబడి కొట్టుకుంటున్నారు. కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో వాళ్ళకి హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. గొప్ప ఆటగాళ్ళ పేర్లు కంచు పలకల మీద చెక్కి పెడతారు. రిటైరైన ఐదేళ్ళకి క్రీడా విలేఖరులు ఓటేస్తారు, నూటికి 75 మంది ఒప్పుకోవాలి. కనీసం పది సీజన్లు ఆడి ఉండాలనే నియమం కూడా ఉంది.

అక్కడ ఆడీ జాస్ అనే బౌలర్ ఉండేవాడు, వాళ్ళ భాషలో పిచర్. తొమ్మిది సీజన్లే ఆడాడు. 1911లో క్షయ సోకిన మెదడువాపుతో 31 ఏళ్ళకే చనిపోయాడు. నియమం ప్రకారం తలుపు మూసుకున్నట్టే. కానీ 1978లో ఆ నియమాన్ని సడలించి మరీ అతన్ని లోపలికి తీసుకున్నారు. చనిపోయిన 67 ఏళ్ళకి! జబ్బు ఆపేసిన ఆటగాడిని అతను ఆడిన ఆటతోనే కొలవాలని వాళ్ళు తేల్చుకున్నారు.

ఇంకో కథ బక్ ఓనీల్‌ది. నల్లజాతి వాళ్ళని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళు సొంత లీగులు పెట్టుకున్నారు. ఓనీల్ అక్కడ ఆడాడు, తర్వాత జీవితమంతా ఆ ఆటగాళ్ళ చరిత్ర చెప్పుకుంటూ తిరిగాడు. 2006లో ప్రత్యేక కమిటీ కూర్చొని ఆ లీగుల నుంచి 17 మందిని ఎన్నుకుంది. ఆయన పేరు లేదు. అయినా ఆ సభకి వెళ్ళి మిగతావాళ్ళ తరఫున మాట్లాడాడు. అదే ఏడాది అక్టోబర్‌లో చనిపోయాడు. 2021లో ఎన్నుకున్నారు. పలక మీద పేరు వచ్చింది, చూసుకోవడానికి మనిషి లేడు.

వాళ్ళ పద్ధతి గొప్పదని నేను అనడం లేదు. ఓనీల్ విషయంలో వాళ్ళూ ఆలస్యమే చేశారు. కానీ వాళ్ళ దగ్గర ఒక మంచి ఏర్పాటు ఉంది. ఓటింగులో జారిపోయిన పాత ఆటగాళ్ళని మళ్ళీ తీసి చూసే కమిటీలు ఉన్నాయి. మన పద్మ అవార్డుల్లో ఆ దారి దాదాపు లేదు. చనిపోయినవాళ్ళకి మామూలుగా ఇవ్వరు. చాలా గట్టి అర్హత ఉంటే, అదీ ఈమధ్యే పోయినవాళ్ళయితే ఆలోచిస్తారు. అంటే మన దగ్గర ‘తర్వాత చూద్దాం’ అన్నారంటే చాలాసార్లు ‘వద్దు’ అన్నట్టే. బలరాం విషయంలో జరిగింది అదే.

ఆయన ఒక్కడే కాదు. రహీం సాబ్‌నే చూడండి. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం, మధ్యలో మెల్‌బోర్న్ నాలుగో స్థానం. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. ఆయన మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చేసరికి 2024 అయింది. చాలామంది తెలుగు కుర్రాళ్ళకి ఆయన పేరు మొదటిసారి తెలిసింది అజయ్ దేవగణ్ వల్ల.

కాబట్టి నా తీర్పు ఇది. బలరాం అర్హుడు. జాలితో కాదు, పేదవాడనీ కాదు, చనిపోయాడనీ కాదు. పక్కన నిలబడి ఆడిన ఇద్దరికి ఏ కొలత వాడారో అదే కొలత ఆయనకీ సరిపోతుంది కాబట్టి.

అలాగని పాత ఆటగాళ్ళందరికీ అవార్డులు పంచమని కాదు. అందరికీ ఇస్తే దానికి విలువుండదు. ఒకే కొలత వాడండి, సమయానికి వాడండి. అడుగుతున్నది అంతే. ఢిల్లీ దారి మూసుకుపోయినా మన దారులు మన చేతిలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక స్టాండ్‌కి ఆ పేరు పెట్టడానికి, ఏడో తరగతి పుస్తకంలో ఒక పాఠం పెట్టడానికి ఏ పద్మ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

ఇక మీ పని. వానలు సరిగ్గా పడని మా జిల్లాలో, వేరుశనగ చేలు ఎండిపోయే ఊళ్ళ నుంచి వచ్చి, ఆర్‌డీటీ మైదానాల్లో ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ ఆడే పిల్లలు ఉన్నారు. వాళ్ళకి ముందు ఆడినవాళ్ళూ ఉన్నారు. జిల్లాకి, రాష్ట్రానికి ఆడి, ఇప్పుడు ఏదో బడిలో డ్రిల్లు సారుగా రిటైరై, అరుగు మీద పేపర్ చదువుకుంటున్నవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉండొచ్చు. వెళ్ళి కూర్చోండి. ‘సార్, మీరు ఏ సంవత్సరం ఎవరి మీద ఆడినారు?’ అని అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. సర్టిఫికెట్లు, పాత ఫోటోలు, పేపర్ కటింగులు ఫోటో తీసి పెట్టండి. ఎందుకంటే ఏ అవార్డుకైనా కాగితం కావాలి, మన పల్లె ఆటగాళ్ళ దగ్గర లేనిది అదే.

ఇంకో సంగతి. పద్మ అవార్డుకి పేరు పంపడానికి ఎమ్మెల్యేనో మంత్రో అయి ఉండక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ అవార్డుల పోర్టల్‌లో ఏ పౌరుడైనా నామినేషన్ వేయొచ్చు. ఆ మనిషి చేసిన పని వివరంగా రాయాలి, అంతే. గొప్ప ఆటగాడు బతికుండగానే రాయండి. పోయాక మనం పెట్టే స్టేటస్‌లు, దండలు ఆయన చూడలేడు.

మీ ఊళ్ళో అలాంటి ఆటగాడు ఉంటే, ఆడిన ఆట, ఆడిన సంవత్సరంతో సహా కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.