వర్జీనియా ముద్ర గుంటూరులో చెల్లుతుందా?

1923 ఆగస్టు 3, తెల్లవారుజామున 2.47 గంటలు. వెర్మాంట్ రాష్ట్రంలో ప్లిమత్ నాచ్ అనే చిన్న పల్లె. కరెంటు లేని ఆ ఇంట్లో కిరసనాయిలు దీపం వెలుగులో ఒక తండ్రి తన కొడుకు చేత ప్రమాణం చేయించాడు. కొడుకు పేరు కాల్విన్ కూలిడ్జ్, అప్పటికి అమెరికా ఉపాధ్యక్షుడు. అధ్యక్షుడు హార్డింగ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయాడన్న కబురు ఆ రాత్రే ఊరికి చేరింది. పెద్ద న్యాయమూర్తులెవరూ దగ్గర్లో లేరు. తండ్రి జాన్ కూలిడ్జ్ మాత్రం నోటరీ. ఆ హోదాతోనే ఆయన కొడుకును అమెరికా అధ్యక్షుణ్ణి చేశాడు.

ఈ ఘట్టం అమెరికా బడిపిల్లలకు తెలుసు. తరువాత జరిగింది తెలిసినవాళ్లు తక్కువ. కొత్త అధ్యక్షుడు వాషింగ్టన్ చేరాక అటార్నీ జనరల్‌కు అనుమానం వచ్చింది. ఒక రాష్ట్రం నియమించిన నోటరీకి దేశాధ్యక్షుడి చేత ప్రమాణం చేయించే అధికారం ఉందా అని. ఎందుకైనా మంచిదని విలార్డ్ హోటల్లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఎదుట, బయటికి పొక్కకుండా, కూలిడ్జ్ మళ్లీ ప్రమాణం చేశాడు.

ఒక చోట వేసిన ముద్రకు పొలిమేర దాటాక ఎంత బలం ఉంటుంది? రిచ్‌మండ్‌లోనో డాలస్‌లోనో కాపురముంటూ గుంటూరులో తాతల నాటి ఇల్లు అమ్మడానికి కాగితం పంపాల్సిన తెలుగు కుటుంబాన్ని ఇప్పుడు వేధిస్తున్నది అదే ప్రశ్న. అవతల నుంచి ఫోన్‌లో నాన్నగారు అంటారు: "పక్కింటివాళ్ల అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చునే నోటరీ చేయించాడట కదరా, నువ్వూ అట్లా చేయించి పంపెయ్." పక్కింటి అబ్బాయి చేయించింది నిజమే. అది గుంటూరు సబ్ రిజిస్ట్రార్ బల్ల మీదికి వచ్చేసరికి ఏమవుతుందన్నది వేరే సంగతి. అది అర్థం కావాలంటే అమెరికాలో నోటరీ అంటే ఎవరో ముందు తెలియాలి.

మన దగ్గర 1952 నోటరీల చట్టం ప్రకారం మామూలుగా పదేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాదికి గానీ ఆ పదవి రాదు. కోర్టు ఆవరణలో టైపిస్టు పక్కన నల్లకోటుతో కూర్చుని, రెవెన్యూ స్టాంపు అంటించి, ఎర్ర సీలు వేసే మనిషే మన మనసులో నోటరీ. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లా డిగ్రీ అక్కర్లేదు. బ్యాంకు కౌంటర్‌లో అమ్మాయి, పార్సెల్ దుకాణం గుమాస్తా, లైబ్రరీ ఉద్యోగి, ఎవరైనా దరఖాస్తు పెట్టుకుని నోటరీ కావచ్చు. ఫ్రెంచి చట్ట సంప్రదాయం మిగిలిన లూసియానా మాత్రం ఇందుకు మినహాయింపు, అక్కడ నోటరీకి అధికారాలూ ఎక్కువ, పరీక్షా కష్టమే. దేశం మొత్తం మీద నోటరీలు నలభై లక్షలకు పైనే. వాళ్లు కాగితంలో ఏం రాసి ఉందో చదవరు, చదవాల్సిన పనీ లేదు. ఈ మనిషి ఫలానావాడేనా, తన ఇష్టంతోనే సంతకం పెడుతున్నాడా, నా ఎదుట పెట్టాడా? వాళ్లు చూసేది ఈ మూడే.

వలస వచ్చినవాళ్లు కట్టిన దేశానికి ఈ ఏర్పాటు ఎంతగా సరిపోయిందో దాని చరిత్రే చెబుతుంది. 1492లో కొలంబస్ ఓడల్లో రోడ్రిగో డి ఎస్కోబెడో అనే నోటరీ కూడా వచ్చాడు. దిగిన నేల స్పెయిన్ రాజదంపతులదని రాసిపెట్టడం అతని పని. ఆ నేల మీద అప్పటికే బతుకుతున్నవాళ్ల సంతకం ఎవరూ అడగలేదు, ఈ ఖండంలో దస్తావేజుల చరిత్ర ఆ అన్యాయంతోనే మొదలైంది. ఇంగ్లీషు వలసల్లో తొలి నోటరీగా చెప్పే థామస్ ఫ్యూగిల్‌ను న్యూహేవెన్ కాలనీ 1639లో నియమించింది. కొన్నేళ్లకే రికార్డులు తారుమారు చేశాడని పదవిలోంచి తీసేసింది. ముద్ర వేసేవాడి మీద నిఘా ఉండాలన్న పాఠం అమెరికాకు అంత తొందరగా అందింది.

పరాయి దేశం నుంచి వచ్చినవాడు ఆ ముద్ర పట్టవచ్చా అన్నది తేలడానికి మాత్రం మూడున్నర శతాబ్దాలు పట్టింది. మెక్సికోలో పుట్టి 1961 నుంచీ శాశ్వత నివాసిగా టెక్సస్‌లో ఉంటున్న ఎఫ్రాయిన్ బెర్నాల్, వలస వ్యవసాయ కూలీలకు న్యాయసహాయం చేసే సంస్థలో పారాలీగల్. కూలీల వాంగ్మూలాలు ధ్రువీకరించడానికి నోటరీ కావాలనుకున్నాడు. పౌరుడివి కాదు పొమ్మంది టెక్సస్. 1984లో సుప్రీంకోర్టు 8-1 ఆధిక్యంతో ఆ నిబంధన కొట్టేసింది, తీర్పు రాసింది థర్‌గుడ్ మార్షల్. ఇప్పుడు గ్రీన్‌కార్డు మీద ఉన్న తెలుగువాళ్లు పౌరసత్వం రాకముందే నోటరీలు కాగలుగుతున్నారంటే ఆ మెక్సికో మనిషి పుణ్యమే.

తక్కువ ఖర్చుకు, ప్రతి వీధిలో దొరికే నమ్మకం ప్రతిసారీ నిలబడలేదు. 2008 ఆర్థిక పతనం తరువాత లక్షల ఇళ్లు జప్తుకు వచ్చినప్పుడు, బ్యాంకుల తరఫున కోర్టులకు వెళ్లిన అఫిడవిట్లను ఎవరూ చదవకుండా, నోటరీ ఎదుట సంతకం పెట్టకుండా గుట్టలు గుట్టలుగా తయారుచేశారని 2010లో బయటపడింది. ఆల్ఫారెటా అని అట్లాంటా పక్క ఊరు, ఇప్పుడు తెలుగువాళ్లు బాగా ఉండే చోటు. అక్కడి ఒక సంస్థలో ఒకే ఉద్యోగిని పేరును ఎంతోమంది తలా ఒక చేతిరాతలో సంతకం చేశారు, వాటన్నిటి మీదా నోటరీ ముద్ర ఉంది. ఒక రాష్ట్రపు నోటరీ ముద్రను, ఎలక్ట్రానిక్ ముద్రతో సహా, మిగతా రాష్ట్రాలన్నీ ఒప్పుకోవాలని కాంగ్రెస్ పంపిన బిల్లు మీద అధ్యక్షుడు ఒబామా అదే ఏడాది అక్టోబరులో సంతకం పెట్టడానికి నిరాకరించాడు. ఇళ్లు పోగొట్టుకుంటున్నవాళ్లకు అది ఇంకా చేటు చేస్తుందన్న భయంతో. 2012లో అయిదు పెద్ద బ్యాంకులు 2,500 కోట్ల డాలర్ల పరిష్కారానికి దిగివచ్చాయి.

సంతకం కంప్యూటర్‌లోకి వెళ్లడం అంతకుముందే మొదలైంది. 2000 జూన్ 30న ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడు క్లింటన్ ఎలక్ట్రానిక్ సంతకాల చట్టాన్ని ముందు కలంతోనూ, తరువాత స్మార్ట్ కార్డుతోనూ ఆమోదించాడు. కార్డు పాస్‌వర్డు ఆయన కుక్కపిల్ల పేరు, బడ్డీ. ఆ చట్టం సంతకాన్ని మార్చిందే తప్ప "ఎదుట హాజరు" అన్న నిబంధనను కదపలేదు. సంతకందారు ఎక్కడున్నా సరే, నోటరీ మాత్రం తన రాష్ట్రంలో ఉండి, ఇద్దరూ వీడియోలో ఒకరినొకరు చూస్తూ వింటూ ఉంటే అది ఎదుట హాజరైనట్టే అని మొదట ఒప్పుకున్న రాష్ట్రం వర్జీనియా. చట్టం 2011లో చేసింది, అమలు 2012 జులై 1 నుంచి. మిగతా రాష్ట్రాలు చాలాకాలం దూరం నుంచే చూశాయి. మోంటానా, టెక్సస్, నెవాడా ఒకటొకటిగా కలిశాయి. 2020 మార్చిలో కోవిడ్ తలుపులు మూయించాక గవర్నర్లు రోజుల వ్యవధిలో అత్యవసర ఉత్తర్వులిచ్చారు. ఇప్పుడు నలభైకి పైగా రాష్ట్రాల్లో ఇది శాశ్వత చట్టం. సిలికాన్ వ్యాలీ ఉన్న కాలిఫోర్నియానే బాగా వెనుక నడిచింది. 2023లో చట్టం చేసి, అమలుకు 2030 జనవరి 1 దాకా గడువు పెట్టుకుంది. భూమి కాగితాలకూ జీపీఏలకూ (మరొకరికి అధికారం రాసిచ్చే పత్రాలకూ) నోటరీ తన పుస్తకంలో వేలిముద్ర తప్పక తీసుకోవాలన్నదీ ఆ రాష్ట్రమే. దస్తావేజు మీద ముద్ర వేయించే ఆ పద్ధతికి పాత ఉదాహరణ మన దేశంలోనూ ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కొనాయ్ అరచేతి ముద్ర తీసుకున్నాడు.

వర్జీనియా పద్ధతిలో పని ఎలా నడుస్తుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి. లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి డ్రైవింగ్ లైసెన్సు రెండు వైపులా కెమెరాకు చూపించాలి. ఆపైన ప్రశ్నలు: ఈ నాలుగు చిరునామాల్లో మీరెప్పుడైనా ఉన్నది ఏది, ఫలానా ఏడాది కారు అప్పు ఏ బ్యాంకులో తీసుకున్నారు. సాధారణంగా అయిదు ప్రశ్నలు, రెండు నిమిషాలు, నాలుగైనా సరిగ్గా చెప్పాలి. అప్పుడు తెర మీద నోటరీ కనిపిస్తుంది, మీ ఇష్టంతోనే చేస్తున్నారా అని అడుగుతుంది, ఇద్దరూ సంతకం చేస్తారు, తరువాత అక్షరం మార్చినా బయటపడే డిజిటల్ ముద్ర పడుతుంది. మొత్తం వీడియోను వర్జీనియాలో అయిదేళ్లు, ఫ్లోరిడాలో పదేళ్లు దాచాలి. వర్జీనియాలో నోటరీ తీసుకోగలిగిన రుసుము 25 డాలర్లకు మించకూడదు. ఆల్ఫారెటా గుట్టల్లో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది: సంతకం పెట్టిన మనిషి ముఖం, గొంతు. మామూలు కౌంటర్ నోటరీ కన్నా ఇది గట్టి సాక్ష్యం, ఈ మాట చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు.

లోటు కూడా ఉంది, అది మనవాళ్లకే ఎక్కువ తగులుతుంది. ఆ ప్రశ్నలు పుట్టేది అమెరికా అప్పుల చిట్టాల్లోంచి, ప్రభుత్వ రికార్డుల్లోంచి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలకు అమెరికాలో ఏ చిట్టా ఉండదు. పొలం ఉన్నదేమో వాళ్ల పేరు మీద. వాళ్లు పాస్‌పోర్టు పట్టుకుని బ్యాంకు నోటరీ దగ్గరికి నడవాల్సిందే.

ఇక గుంటూరు సంగతి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ విదేశంలో ఉన్నవాళ్లు నోటరీ ఎదుట గానీ, కోర్టు, మేజిస్ట్రేట్ ఎదుట గానీ, భారత కాన్సులేట్‌లో గానీ రాసిచ్చిన జీపీఏను ఒప్పుకుంటుంది. కాలిఫోర్నియా నోటరీ ఎదుట రాసిన జీపీఏల మీద 1970లో జుగరాజ్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మొదటి కాగితంలో సంతకందారు ఫలానావాడేనని నిర్ధారించుకున్నట్టు నోటరీ రాయలేదు, రెండో కాగితంలో రాశాడు. రెండోది నిలబడింది. నోటరీ చేసిన కాగితానికి రాష్ట్ర కార్యాలయం నుంచి అపోస్టిల్ తెచ్చుకోవాలి. అది నోటరీ సంతకం నిజమైనదేనని చెప్పే పత్రం, దాని వెనుక 1961 హేగ్ ఒప్పందం ఉంది. అమెరికాకు అది 1981 నుంచి అమల్లో ఉంది, భారత్‌కు అది 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. కెనడాలో 2024 జనవరిలో గానీ అమల్లోకి రాలేదు, అందుకే టొరంటో తెలుగువాళ్లు అన్నేళ్లు కాన్సులేట్ చుట్టూ తిరిగారు. కాగితం ఇండియా చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు తెలియక నాన్నగారు దాన్ని బీరువాలో పెట్టి పెళ్లిళ్ల సీజను అయ్యాక చూద్దామనుకుంటే మళ్లీ మొదటికొస్తుంది.

వీడియో నోటరీ అసలు ఇరుక్కునేది ఇంకోచోట. 2000 సమాచార సాంకేతిక చట్టం మొదటి షెడ్యూలు జీపీఏలను ఎలక్ట్రానిక్ సంతకాల పరిధి నుంచి బయట పెట్టింది. 2022లో కేంద్రం ఆ షెడ్యూలు సవరించి, రిజర్వు బ్యాంకు, సెబీ వంటి సంస్థల నియంత్రణలో ఉన్నవాళ్లకు ఇచ్చే జీపీఏలకు మాత్రం దారి తెరిచింది. అన్నయ్యకో బాబాయికో ఇల్లు అమ్మే అధికారం ఇచ్చే జీపీఏ ఇప్పటికీ బయటే ఉంది. కాబట్టి ఇల్లూ పొలమూ విషయంలో ఇవాళ్టికి మంచిదారి కాగితం మీద సిరాతో సంతకం, నోటరీ ఎదుట స్వయంగా నిలబడటం, అపోస్టిల్, లేదా నేరుగా కాన్సులేట్. డబ్బు కట్టేముందు గుంటూరులోని డాక్యుమెంట్ రైటర్ చేత సబ్ రిజిస్ట్రార్‌నే అడిగించి, ఆయన చెప్పిన వాచకంతోనే ముసాయిదా రాయించుకోవాలి. సర్వే నంబరు, హద్దులు, చేయాల్సిన పని, గడువు అన్నీ అందులో ఉండాలి. అన్నిటికీ నువ్వే అని రాసిచ్చిన జనరల్ పవర్ చేతులు మారి, విదేశంలో ఉన్నవాళ్ల ప్లాటు వాళ్లకు తెలియకుండానే అమ్ముడుపోయిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. జీపీఏ అమ్మకంతో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది కూడా.

ఆ మోసాలు చూపించే ఆన్‌లైన్ వద్దంటారు చాలామంది అధికారులు. మోసపోయినవాళ్లను తలుచుకుంటే వాళ్ల భయాన్ని తప్పుపట్టలేం. అయితే దొంగ జీపీఏ మీద ఉండే ఫొటో, వేలిముద్ర ఎవరివో ఆ కాగితం చెప్పదు, వీడియో చెబుతుంది. ఈ విషయంలో మన న్యాయస్థానం వర్జీనియా కన్నా ముందే నడిచింది. ముంబైలోని ఒక వైద్య నిర్లక్ష్యం కేసులో సాక్షి న్యూయార్క్ డాక్టరు, ఇండియా రావడానికి ఇష్టపడలేదు. 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఆయన సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చంది, హాజరంటే మనిషి అదే గదిలో ఉండటమే కానక్కర్లేదని చెప్పింది. క్రిమినల్ కేసు సాక్షికి చెల్లిన హాజరు, ఇల్లు అమ్ముకునే కొడుక్కి చెల్లకూడదనడానికి గట్టి కారణం కనపడదు.

మార్పు రావడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మొదటి షెడ్యూలును గెజిట్ నోటిఫికేషన్‌తో మార్చే అధికారం కేంద్రానికి ఉంది, 2022లో చేసిందీ అదే. కాన్సులేట్ అధికారి పేరు 33వ సెక్షన్‌లో ఎప్పటినుంచో ఉంది. అట్లాంటా నుంచో హ్యూస్టన్ నుంచో ఆ అధికారి పాస్‌పోర్టు రికార్డు ఎదురుగా పెట్టుకుని వీడియోలో సంతకం చూసి, ఆ రికార్డింగుకు ఒక నంబరు వేస్తే, గుంటూరు సబ్ రిజిస్ట్రార్ తన కంప్యూటర్‌లో ఆ నంబరు కొట్టి రాసిచ్చినవాడి ముఖం స్వయంగా చూడగలగాలి. ముందుగా కట్టాల్సింది ఈ ఏర్పాటే.