గొంతులూ విత్తనాలే



ఒక్క చేలో ఏరిన విత్తనం అన్ని నేలల్లోనూ ఒకే తీరుగా పండదని మీకు వేరే చెప్పనక్కరలేదు. మనిషి మాటను పోల్చుకునే యంత్రాల సంగతీ అంతే. ఆ చరిత్ర కొంచెం మనవి చేస్తాను.

1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ‘ఆడ్రీ’ అనే యంత్రాన్ని తయారుచేశారు. అంకెలు పలికితే అది గుర్తుపట్టేది. అయితే ఒక చిక్కు వుంది. ఒకరి గొంతుకు సరిపెట్టిన యంత్రం మరొకరు పలికితే తడబడేది. పదిమంది మాటా దానికి తెలియాలంటే పదిమంది గొంతులూ వినిపించాలి గదా!

1990-91లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు ఆ పని టెలిఫోను మీద పెద్ద ఎత్తున చేశారు. దాని పేరు ‘స్విచ్‌బోర్డ్’. కంప్యూటరే ఫోను కలిపి, ముక్కూమొగమూ తెలియని ఇద్దరికి ఒక విషయం ఇచ్చి, మాట్లాడుకోమనేది. ఆ విధంగా 543 మంది చేత సుమారు 2,400 సంభాషణలు పోగైనవి.

ఎదుట కూర్చోబెట్టి రికార్డు చేయరాదా, ఫోనెందుకు అని మీరడగవచ్చు. పాతకాలపు ఫోను తీగ సెకనుకు 300 మొదలు 3,400 కంపనాల దాకా వుండే ధ్వనినే మోసుకొస్తుంది. ‘స’, ‘ఫ’ వంటి అక్షరాలలోని బుసబుస చాలావరకు అంతకు పైన వుంటుంది. అది దారిలోనే రాలిపోతుంది. కనుక ఫోనులో వినవలసిన యంత్రానికి ఫోనులో వచ్చిన గొంతుతోనే చదువు చెప్పాలి.

ఇక మన సంగతి. హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. వారూ, హెచ్.పి. ప్రయోగశాలవారూ కలిసి తెలుగు, తమిళం, మరాఠీ భాషలలో దాదాపు 560 మంది గొంతులను సేకరించి, ఆ వివరాలను 2005లో ప్రకటించారు. తీగఫోనూ, సెల్‌ఫోనూ రెండూ వాడారు. ఆ తరువాత, 2011 ప్రాంతంలో, ఐ.ఐ.టి. మద్రాసు మొదలైన సంస్థలు కలిసి ఆరు భాషలలో మార్కెట్ ధరలు ఫోనులో చెప్పే పని పూనుకున్నవి. తెలుగు భాగం హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. వారిది. రైతు నోటితో పంట పేరు, ఊరి పేరు చెప్తే చాలు. యంత్రం విని, అగ్‌మార్క్‌నెట్‌లోని ధర వినిపించాలి.

అసలు కష్టం ఇక్కడే వచ్చింది. వేరుశనగను తెలంగాణలో పల్లి అంటారు. రాయలసీమలో శనక్కాయలు అంటారు, బుడ్డలు అనేవారూ వున్నారు. మొక్కజొన్న ఒకచోట మక్కలవుతుంది. ఈ పేర్లు విననే వినని యంత్రం తెల్లమొగం వేస్తుంది. దానికేం నష్టం? ధర తెలియక, వచ్చిన బేరానికి సరుకు వదులుకునేవాడు రైతు. అందుకే రైతుల గొంతులనే ఫోనులో పట్టారు. ప్రతి మాటా మనుషులు చెవినబెట్టి విని, పలికింది పలికినట్టు రాయాలి. దగ్గు వచ్చినా, వెనక హారను మోగినా దానికీ ఒక గుర్తు వేస్తారు. రేపు రైతు అడిగేదీ ఆ రొదలోనుంచే గదా!

మీ గొంతు కావాలని ఎవరైనా వస్తే ముందు అడగండి: మీరెవరు? దేనికోసం? నా పేరు, నంబరు గొంతుతోపాటు బయటపెడతారా? ఆధారు, బ్యాంకు నంబర్లు మాత్రం చెప్పకండి. మనసు కుదిరితే, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. పుస్తకాల భాష తెచ్చిపెట్టుకోవద్దు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. ఊళ్లోకి అటువంటివారిని తీసుకువెళ్ళినప్పుడు చదువుకున్న నలుగురినే పిలిచి సరిపెట్టవద్దు. కలుపుతీసే అమ్మనూ, పళ్ళూడిన తాతనూ, కూలికి వచ్చిన వానినీ పిలవండి. విత్తులో లేనిది పంటలో రాదు.