గవ్వల పందెం లెక్క

గవ్వలో పాచికలో వేసినప్పుడు పడగల ఫలితాలన్నిటినీ ఒక్కటీ వదలకుండా గళ్లలో రాసి, ఏ పందెం ఎన్ని విధాల పడుతుందో లెక్కించే పద్ధతిని ఫలితాల పట్టిక అంటారు. రెండు పాచికలకు 36 గళ్లు. మొత్తం 7 వచ్చే గళ్లు ఆరు, 12 వచ్చేది ఒక్కటే.

కర్నూలు, కడప పల్లెల్లో ఈ లెక్కకు చక్కగా ఒదిగే ఆట అష్టాచెమ్మా. నాపబండ మీద సుద్దతో గళ్లు గీసి నాలుగు గవ్వలు వేస్తారు. గవ్వలు లేకపోతే చీల్చిన చింతగింజలు. ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఒక్కో గవ్వకు రెండు స్థితులు కనుక ఫలితాలు 16. ఒకటి నాలుగు విధాల, రెండు ఆరు విధాల, మూడు నాలుగు విధాల పడతాయి. చెమ్మాకు ఒకటే దారి, అష్టాకూ ఒకటే.

ఈ 1, 4, 6, 4, 1 వరుస మన ఛందస్సులో ఎప్పటినుంచో ఉంది. గురులఘువులతో నాలుగక్షరాల పాదాన్ని ప్రస్తరిస్తే వచ్చే భేదాలూ 16. పింగళుని సూత్రాలకు 10వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఈ వరుసలను మేరుప్రస్తారంగా వివరించాడు. అంతకుముందే, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఎంపికల సంఖ్యకు సూత్రం ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. భారతంలో నలునికి పాచికల రహస్యమైన అక్షహృదయం నేర్పిన ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టినవాడు. లెక్కింపుకూ జూదానికీ ఉన్న చుట్టరికాన్ని అంత స్పష్టంగా పట్టుకున్న కథ మరొకటి అరుదు.

భేదాల సంఖ్యను అవకాశంగా మార్చిన రాతలు ఇటలీలో కనిపిస్తాయి. కార్డానో 16వ శతాబ్దంలో రాసిన జూదగ్రంథం 1663లో అచ్చయింది. మూడు పాచికలతో 9 కంటే 10 ఎందుకు ఎక్కువ పడుతుందన్న ప్రశ్నకు గెలీలియో 216 ఫలితాలు లెక్కించి, 9కి 25, 10కి 27 దారులున్నాయని చూపాడు. జూదంలో అవకాశాల గురించి పాస్కల్, ఫెర్మా రాసుకున్న ఉత్తరాలు 1654 నాటివి.

అయితే పట్టికలోని గళ్లన్నీ సమానావకాశం కలవైతేనే ఈ లెక్క నిలుస్తుంది. పాఠాల్లో ఒక్క వాక్యంతో దాటేసే ఈ షరతే అసలు విషయం. గవ్వ ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చదును, చింతబద్దా అంతే. వందకు 60 సార్లు వెల్లకిలా పడే గవ్వలనుకుంటే, చెమ్మా వందకు దాదాపు 13 సార్లు, అష్టా రెండున్నర సార్లు మాత్రమే పడతాయి. సమానమనుకున్న రెండు గళ్లకు అయిదింతల తేడా! ఎనిమిది గళ్ల విలువ అష్టాకే ఇవ్వడం, ఇలాంటి గవ్వలతో ఆడేవారికి సరైన న్యాయమే.

గవ్వ స్వభావం తెలియాలంటే వేసి చూడాల్సిందే. ఎన్నిసార్లు వేస్తే ఎంత కచ్చితత్వం సాధ్యమన్న ప్రశ్నకు సాధారణ సమాధానం ఇచ్చినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఈయన 1920లో నాటి దత్తమండలాల్లోని బళ్లారి జిల్లా హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. అంచనాలో దోషం ఏ హద్దుకు దిగువకు పోలేదో 1945లో నిరూపించాడు. ఆ ప్రకారం పై గవ్వను 100 సార్లు వేస్తే అంచనాలో ప్రామాణిక దోషం వందకు 5 దాకా ఉంటుంది; దాన్ని సగానికి తగ్గించాలంటే 400 సార్లు వేయాలి.