మూడు ముళ్లు, మూడు తలాక్‌లు, ఒక ఓలి

ముసల్మానుల పెళ్లి గురించి తెలుగు సమాజానికి తెలిసినవి రెండే అంకెలు. నాలుగు పెళ్లిళ్లు, మూడు తలాక్‌లు. సినిమాల్లోనూ, పార్టీల ఉపన్యాసాల్లోనూ ఇవే. కాపురాలు ఎందుకు కూలుతున్నాయన్న ప్రశ్న వచ్చేసరికి మా వైపు వేలు చూపించి అందరూ తప్పుకుంటారు. తెగడం ఒక మతానికే అంటిన జబ్బా? తెగిన తర్వాత ఆడమనిషికి ఏం మిగులుతున్నదన్నది అసలు ప్రశ్న కాదా? దీన్ని ఖమ్మం, భద్రాచలం అడవి అంచున నిలబడి అడగాలి. మూడు రకాల పెళ్లిళ్లు, మూడు రకాల తెగదెంపులు ఇక్కడ ఒకే సంతలో ఎదురుపడతాయి.

భద్రాచలం పెళ్లికి పేరుపడ్డ ఊరు. శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పోతాయి. తానీషా కాలం నుంచి వస్తున్న రివాజని చెప్పుకుంటారు. ఆ ఊరి గోదావరే చాలాకాలం రెండు రాజ్యాల సరిహద్దు. 1860లో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. 1874లో భద్రాచలం మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. కుడి ఒడ్డున పాల్వంచ, ఖమ్మం నిజాం ఇలాకాలోనే ఉండిపోయాయి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. భద్రాచలం 1959లో గానీ అందులో కలవలేదు. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు పోతే, ఊరు తెలంగాణలో మిగిలింది. గీత జరిగినప్పుడల్లా ఇక్కడి మనిషికి చట్టం మారింది.

అడవిలో ముందునుంచీ ఉన్నవాళ్లు కోయలు, కొండరెడ్లు. వారి ఆచారంలో పిల్లవాడి వాళ్లే పిల్ల ఇంటికి ఓలి ఇచ్చుకుంటారు. ఇష్టపడిన ఇద్దరు లేచిపోయి కాపురం పెట్టినా, తర్వాత కులపెద్దలు కూచుని, తప్పు కట్టించి, ఓలి తేల్చి పెళ్లిగానే ఒప్పుకుంటారు. పట్నంలో సహజీవనమని చర్చలు పెడుతున్నది అక్కడ పెళ్లికి మొదటి మెట్టు. పొసగకపోతే ఆడమనిషి వెళ్లిపోవచ్చు. మరొకరిని మనువాడితే కొత్త మొగుడు పాత మొగుడికి ఓలి తిరిగి కట్టాలి. ఇదేదో స్వర్గమని అనడం లేదు. ఆడమనిషి వెల మగవాళ్ల పంచాయితీలో తేలుతుంది. ఓలి అప్పులకూ దారితీస్తుంది. అయినా బయటికి ఒక తలుపు ఉంది.

మూడు ముళ్ల పెళ్లికి ఆ తలుపు ఎప్పుడు వచ్చింది? శ్రామిక కులాల్లో మారుమనువు ఉండేది. అగ్రకులాల స్త్రీకి మాత్రం 1949లో మద్రాసు రాష్ట్రం, 1955లో దేశం చట్టం చేసేదాకా విడాకులు లేవు. 1955 హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు కనుక వారికి ఆచారమే చట్టం.

మన నికా ఒక ఒప్పందం. ఈజాబ్, ఖుబూల్, ఇద్దరు గవాహులు, మెహర్. తెంచే హక్కు తలాక్ పేరుతో మగవాడికి సులువుగా దొరికింది. ఆడమనిషికి ఖులా ఉంది కానీ, హనఫీ పద్ధతిలో భర్త ఒప్పుకోకపోతే దారి దాదాపు మూసుకుపోయినట్టే. పంజాబులో ఆ ఇరుకు తట్టుకోలేక కొందరు స్త్రీలు నికా తెగుతుందని ఇస్లాంనే వదిలారు. అప్పుడు అష్రఫ్ అలీ థాన్వీ వంటి ఆలిములే మాలికీ ఫిఖా నుంచి దారి వెతికారు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం అలా వచ్చింది. భర్త నాలుగేళ్లు జాడ లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా ఆమె కోర్టుకు పోవచ్చు. షరీయత్‌లో ఏదీ కదలదనేవాళ్లు ఈ చరిత్ర చదవాలి. అయితే అది బ్రిటిష్ ఇండియా చట్టం. నిజాం ఇలాకాలో చెల్లలేదు. ముసల్మాను పాదుషా ఏలిన తెలంగాణలో ముసల్మాను స్త్రీకి ఆ హక్కు 1960లో గానీ అందలేదు.

మరి కాపురాలెందుకు కూలుతున్నాయి? మెహర్ ఉద్దేశమే మగవాడి నోటికి తాళం వేయడం. మనం దాన్ని ఉధార్ చేశాం. సియాహాలో అంకె రాసి ఊరుకుంటాం. అల్లుడికిచ్చే జోడే కీ రఖం మాత్రం నఖద్. తెంచుకుంటే మగవాడికి పోయేదేమీ లేనప్పుడు, కోపం వచ్చిన రోజే తలాక్ వస్తుంది.

అడవి అంచున ఇంకో రకం కాపురం ఉంది. 1959 భూ బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ఏజెన్సీకి వచ్చింది. 1970 సవరణ, అంటే అందరికీ తెలిసిన 1/70, వచ్చాక గిరిజనేతరుడు అక్కడ భూమి కొనలేడు. కొందరు దీనికి కనిపెట్టిన ఉపాయం గిరిజన స్త్రీతో కాపురం పెట్టి ఆమె పేరున భూమి రాయించడం. ఈ ఉపాయానికి కులం లేదు, మతం లేదు. మనవాళ్లకు మినహాయింపూ లేదు. పట్టాలో ఆమె పేరుంటుంది. పెళ్లిపత్రంలోనో, సియాహాలోనో ఉండదు. అతను వెళ్లిపోతే అది పెళ్లేనని ఆమె ఎవరి ముందు రుజువు చేయాలి? పెళ్లివంటి సంబంధంలో ఉన్న స్త్రీకి 2005 గృహహింస చట్టం రక్షణ ఇచ్చింది. అంతవరకు ఆమెకు ఆ పాటి ఆసరా కూడా లేదు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలు. విడాకుల్లేకుండానే విడిగా బతుకుతున్నవారు 35 లక్షల పైన. వారిలో స్త్రీలే 23 లక్షలు దాటారు. ఆ స్త్రీలలో దాదాపు 19 లక్షల మంది హిందువులు, 2.8 లక్షల మంది ముస్లిములు. విడాకులైన స్త్రీల శాతం హిందువులకన్నా మనలో ఎక్కువే, దాచనక్కరలేదు. కానీ దేశం మొత్తం మీద తెగిన కాపురాల్లో అసలు పెద్ద లెక్క విడాకులది కాదు, వదిలివేతలది.

1985 షాబానో తీర్పు నుంచి 2017లో సుప్రీంకోర్టు ముమ్మారు తలాక్‌ను కొట్టివేసేదాకా చర్చంతా ఒక్క మాట చుట్టే తిరిగింది. ఆ తలాక్ పోవలసిందే, పోయింది. 2019 చట్టం ఆ మాట అన్నవాడికి మూడేళ్ల దాకా జైలు పెట్టింది. ఒక్కసారీ తలాక్ అనకుండా, ఏ కాగితమూ రాయకుండా వదిలిపోయినవాడు ఏ మతంవాడైనా ఆ వదిలివేతకు జైలు లేదు. ఆమె భరణం దావా వేసుకుని తిరగాల్సిందే.

కనుక మనవాళ్లతో ఒక మాట. మెహర్ నికా రోజే చేతికివ్వండి. తలాక్ హక్కును భార్యకు అప్పగించే తఫ్వీజ్ షరతు ఫిఖాలోనే ఉంది, నికానామాలో రాయించండి. తక్కినవాళ్లతో ఇంకో మాట. మా తలాక్‌లు లెక్కపెట్టేటప్పుడు మీ ఇళ్లకు తిరిగొచ్చిన ఆడపిల్లల్నీ లెక్కపెట్టండి. పొసగలేదు, వచ్చేశానని కోయ ఆడపడుచు గూడెంలో తలెత్తి చెప్పగలదు. ఆ మాట మన అమ్మాయీ, మీ అమ్మాయీ ఎప్పుడు చెప్పగలుగుతారు?