కన్సోల్ సన్నబడింది.. డిస్క్ డ్రైవ్ ఎగిరిపోయింది! ఇక గేమ్ కొంటే అది మన సొంతమేనా?

ప్లేస్టేషన్ కొందామని షాపుకెళ్తే ముందుగా అడిగే ప్రశ్న.. డిస్క్ మోడల్ కావాలా, డిజిటల్ మోడల్ కావాలా? ఆడే గేమ్‌లు రెండింట్లోనూ అవే. బొమ్మ క్వాలిటీ కూడా అంతే. 2021 ఫిబ్రవరి 2న పీఎస్5 ఇండియాకు వచ్చినప్పుడు డిస్క్ మోడల్ ధర రూ.49,990, డిజిటల్ ధర రూ.39,990. అంటే తేడా పది వేలు. ఒక్క డ్రైవ్ కోసం అంత ఎందుకని చాలామంది డిజిటల్ వైపే మొగ్గుతారు. కానీ ఆ డ్రైవ్‌తో పాటు పోయేవి ఇంకా ఉన్నాయి. కొన్న గేమ్‌ను అమ్ముకోవడం, ఫ్రెండ్‌కి ఇవ్వడం, పదేళ్ల తర్వాత మళ్లీ తీసి ఆడుకోవడం.. ఇవన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి. అసలు కన్సోల్ డిజైన్ మారినప్పుడల్లా ఏం జరుగుతోంది? డిస్కులు, కార్డుల భవిష్యత్తు ఏంటి? వివరంగా చూద్దాం..

డిజైన్ మారిన ప్రతిసారీ ఏదో ఒకటి పోతుంది

ఒక కన్సోల్ మార్కెట్లోకి వచ్చాక మూడు, నాలుగేళ్లకు దాని 'స్లిమ్' మోడల్ రావడం మామూలే. లోపలి చిప్ తయారీ టెక్నాలజీ మెరుగుపడితే చిప్ చిన్నదవుతుంది. కరెంట్ తక్కువ తాగుతుంది, వేడి తగ్గుతుంది. దాంతో ఫ్యాన్, పవర్ సప్లై, బాడీ అన్నీ చిన్నవవుతాయి. కంపెనీకి ఖర్చు కలిసొస్తుంది.

అయితే ఖర్చు తగ్గించే ఈ క్రమంలో ఏదో ఒక భాగం మాయమవుతూ వచ్చింది. 2004లో వచ్చిన పీఎస్2 స్లిమ్‌లో హార్డ్ డిస్క్ పెట్టుకునే చోటు తీసేశారు. 2009లో వచ్చిన పీఎస్3 స్లిమ్‌లో లైనక్స్ లాంటి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలు పోయింది. 2012 నాటి ఇంకా సన్నటి పీఎస్3లో డిస్క్‌ను తనంతట తాను లోపలికి లాక్కునే పద్ధతి పోయి, పైన చేత్తో జరిపే మూత వచ్చింది. 2016లో పీఎస్4 స్లిమ్ ఆప్టికల్ ఆడియో పోర్ట్‌ను, ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ కినెక్ట్ పోర్ట్‌ను వదిలేశాయి.

ఇప్పుడు వంతు డిస్క్ డ్రైవ్‌ది. మోటార్, లేజర్ ఉండే ఈ డ్రైవ్‌లో కదిలే భాగాలెక్కువ. చోటు తింటుంది, రిపేర్లు వస్తాయి. 2023 నవంబర్‌లో వచ్చిన సన్నటి పీఎస్5లో సోనీ దాన్ని ఊడదీసే భాగంగా మార్చింది. పాత మోడల్‌తో పోలిస్తే సైజు 30 శాతానికి పైగా తగ్గింది. డిజిటల్ మోడల్ కొన్నవాళ్లు కావాలంటే డ్రైవ్‌ను విడిగా కొనుక్కోవచ్చు. అమెరికాలో దాని ధర అప్పట్లో 79.99 డాలర్లు. ఏడాది తిరిగేసరికి, 2024 నవంబర్ 7న వచ్చిన పీఎస్5 ప్రోకి 699.99 డాలర్లు పెట్టినా డ్రైవ్ మాత్రం రాలేదు. సోనీ కన్సోళ్లలో అన్నిటికన్నా ఖరీదైన మోడల్‌లోనే డిస్క్ 'ఎక్స్‌ట్రా' అయిపోయింది.

మైక్రోసాఫ్ట్ ఈ దారిలో ముందే నడిచింది. డ్రైవ్ లేని ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ 2019లోనే వచ్చింది. 2020లో సిరీస్ ఎస్, 2024లో తెల్ల రంగు సిరీస్ ఎక్స్ కూడా డ్రైవ్ లేకుండానే వచ్చాయి.

క్యాసెట్ నుంచి బ్లూరే దాకా..

90ల్లో మన ఊళ్లలో వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే డబ్బా, అందులో గుచ్చే 'క్యాసెట్'. మారియో, కాంట్రా ఆడినవాళ్లకు ఆ క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్లీ పెట్టడం గుర్తుండే ఉంటుంది. నిజానికి అది టేప్ కాదు.. లోపల చిప్ ఉన్న సర్క్యూట్ బోర్డు. మనం ఆడినవాటిలో ఎక్కువ భాగం నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లే. అమెరికాలో ఎన్ఈఎస్ పేరుతో వచ్చిన దాని మోడల్‌లో క్యాసెట్ గుచ్చే భాగం త్వరగా అరిగిపోయి స్క్రీన్ మిణుకుమిణుకుమనేది. 1993లో డిజైన్ మార్చి, క్యాసెట్ పైనుంచి పెట్టేలా చేశాక ఆ బాధ తగ్గింది.

తర్వాత సీడీలు వచ్చాయి. సీడీలో 650 నుంచి 700 ఎంబీ పడుతుంది, అచ్చు వేయడం చాలా చవక. 1996లో వచ్చిన నింటెండో 64 చిప్ క్యాసెట్లకే అంటిపెట్టుకుంటే, ఫైనల్ ఫాంటసీ 7 లాంటి పెద్ద గేమ్ ప్లేస్టేషన్‌కు వెళ్లిపోయి 1997లో మూడు సీడీల్లో విడుదలైంది. పీఎస్2తో డీవీడీ, పీఎస్3తో బ్లూరే ఇళ్లలోకి వచ్చాయి. ఇప్పటి పీఎస్5, సిరీస్ ఎక్స్ వాడే డిస్కులో 100 జీబీ దాకా పడుతుంది. అదీ చాలక ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్ రెండు డిస్కుల్లో, బల్డూర్స్ గేట్ 3 ఎక్స్‌బాక్స్ వెర్షన్ అంతకన్నా ఎక్కువ డిస్కుల్లో వచ్చాయి.

డిస్క్ ఉంది సరే.. అందులో గేమ్ ఉందా?

చాలామందికి తెలియని విషయం ఇక్కడే ఉంది. పీఎస్5 లోపలి ఎస్ఎస్‌డీ సెకనుకు 5.5 జీబీ చదవగలదు. బ్లూరే డ్రైవ్ చదివేది పదుల ఎంబీలు మాత్రమే. కాబట్టి ఇప్పుడు గేమ్ డిస్క్ నుంచి నేరుగా నడవదు. మొత్తం ముందు ఎస్ఎస్‌డీలోకి కాపీ అవుతుంది. ఆ తర్వాత డిస్క్ చేసే పని ఒక్కటే.. 'ఈయన గేమ్ కొన్నాడు' అని రుజువు చూపించడం. అంటే తాళంచెవి అన్నమాట.

కొన్ని డిస్కుల్లో ఆ తాళంచెవి తప్ప ఇంకేం లేదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్కులో ఉన్నది సుమారు 70 ఎంబీ మాత్రమే. మిగతాదంతా నెట్ నుంచి దింపుకోవాల్సిందే. రేపు ఆ సర్వర్ ఆగిపోతే ఆ డిస్క్ ఎందుకూ పనికిరాదు.

నింటెండో అయితే దీనికి ఏకంగా ఒక పేరే పెట్టింది. 2025 జూన్ 5న విడుదలైన స్విచ్ 2లో 'గేమ్ కీ కార్డు' అనే కొత్త రకం వచ్చింది. కార్డులో గేమ్ ఉండదు. మొదటిసారి పెట్టినప్పుడు నెట్ నుంచి దింపుకోవాలి. ఆ తర్వాత ఆడిన ప్రతిసారీ కార్డు స్లాట్‌లో ఉండాలి. దీనికి కారణం ఖర్చు. డిస్క్ అయితే ఎంత పెద్ద గేమైనా అచ్చు వేసే ఖర్చులో పెద్ద తేడా రాదు. చిప్ కార్డులో మాత్రం జీబీలు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. అయినా మనసుంటే మార్గం ఉంటుందని సైబర్‌పంక్ 2077 చూపించింది. ఆ గేమ్ మొత్తం 64 జీబీ కార్డులోనే వచ్చింది.

కీ కార్డులో ఓ మంచి కూడా ఉంది. దాన్ని అమ్ముకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. డౌన్‌లోడ్ గేమ్‌తో అది అంత తేలిక కాదు.

అప్పట్లో జనం తిప్పికొట్టారు..

డిస్క్ వదిలించుకోవాలన్న ప్రయత్నం ఇప్పటిది కాదు. 2009లో సోనీ పీఎస్‌పీ గో అనే చేతి కన్సోల్ తెచ్చింది. పాత పీఎస్‌పీలో ఉండే చిన్న డిస్క్ స్లాట్ దీంట్లో లేదు. అప్పటికే డిస్కులు కొన్నవాళ్లు వాటిని ఇందులో ఆడే దారే లేకపోయింది. జనం పట్టించుకోలేదు. 2011లో తయారీ ఆగిపోయింది.

2013లో మైక్రోసాఫ్ట్‌కీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. ఎక్స్‌బాక్స్ వన్ రోజుకు ఒక్కసారైనా నెట్‌కి కనెక్ట్ అవ్వాలని, సెకండ్ హ్యాండ్ గేమ్‌లపై ఆంక్షలుంటాయని ప్రకటించింది. దానికి సోనీ ఇచ్చిన జవాబు అర నిమిషం కూడా లేని వీడియో. 'గేమ్ షేర్ చేసుకోవడం ఎలా?' అంటూ ఒకరు డిస్క్ పెట్టెను పక్కనున్నాయన చేతికి ఇస్తారు. అంతే! కన్సోల్ విడుదల కాకముందే, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనలు వెనక్కి తీసుకుంది.

ఆ రోజు నవ్వించిన సోనీయే ఈరోజు డ్రైవ్‌ను విడిగా అమ్ముతోంది. మధ్యలో మారింది కొనేవాళ్ల అలవాటు. పీఎస్4, పీఎస్5లలో అమ్ముడవుతున్న పూర్తి స్థాయి గేముల్లో ఇప్పుడు ప్రతి వందలో 70కి పైగా డౌన్‌లోడ్‌లే అని సోనీ లెక్కలు చెబుతున్నాయి.

స్టోర్ మూసేస్తే పరిస్థితేంటి?

డౌన్‌లోడ్‌లో సౌకర్యం ఉంది, కాదనలేం. షాపుకెళ్లక్కర్లేదు, గీతలు పడవు, పోగొట్టుకోం. కానీ ఆన్‌లైన్ స్టోర్లకూ ఆయుష్షు ఉంటుంది. నింటెండో వీ స్టోర్ 2019 జనవరిలో, 3డీఎస్, వీ యూ స్టోర్లు 2023 మార్చి 27న, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులై 29న మూతపడ్డాయి. 2021లో పీఎస్3 స్టోర్‌నూ మూసేస్తామని సోనీ చెప్పి, గేమర్లు గగ్గోలు పెట్టడంతో ఆగింది. స్టోర్ మూశాక పాత కొనుగోళ్లను మళ్లీ దింపుకునే వీలు కొన్నాళ్లు ఇస్తున్నా, కొత్తగా కొనే దారి ఉండదు. డిస్కుగా రాని గేమ్ అయితే ఇక దొరకనట్టే.

కొనామీ 2014లో ఉచితంగా ఇచ్చిన పీ.టీ. అనే హారర్ గేమ్ ఇందుకు ఉదాహరణ. 2015లో స్టోర్ నుంచి తీసేశాక, అది అప్పటికే ఉన్న పీఎస్4లలో తప్ప ఎక్కడా లేకుండా పోయింది.

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనంలో తేలింది ఇంకా కలవరపెట్టేది. ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి లేవు. ఇవాళ అవి బతికున్నది పాత క్యాసెట్లు, డిస్కులు దాచుకున్నవాళ్ల దగ్గరే.

డిస్క్ ఉన్నా గ్యారంటీ లేదు

అలాగని డిస్క్ కొంటే అంతా క్షేమం అనుకోవద్దు. యూబీసాఫ్ట్ తన రేసింగ్ గేమ్ 'ది క్రూ' సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి డిస్క్ కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. ఎందుకంటే ఒక్కరే ఆడినా ఆ గేమ్‌కు సర్వర్ కావాలి. దీనిపై మొదలైందే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం. అమ్మిన గేమ్‌ను ఆడలేని స్థితిలో వదిలేయకూడదంటూ యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన వినతిపై 2025 జులైకి సంతకాలు 10 లక్షలు దాటాయి.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఓ చట్టం అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్‌లో గేమ్ అమ్మేటప్పుడు 'కొనండి' అని రాస్తే, అది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పాల్సిందే. మీ దగ్గర శాశ్వతంగా దాచుకుని, నెట్ లేకుండా ఆడుకునే గేమ్‌లకు మాత్రం ఈ నిబంధన లేదు.

మన దగ్గర లెక్క ఎలా ఉంటుంది?

పీఎస్5 వచ్చిన కొత్తలో సోనీ సొంత గేముల ధర ఇక్కడ రూ.4,999. అంటే డిస్క్, డిజిటల్ మోడళ్ల మధ్య తేడా రెండు గేముల ఖరీదు. ఆడేసిన డిస్కులను సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకు అమ్మగలిగితే నాలుగు గేములతో ఆ డ్రైవ్ ఖర్చు వెనక్కి వచ్చేస్తుంది. ఏడాదికి ఒకటో రెండో గేమ్‌లు, అదీ సేల్ పెట్టినప్పుడు కొనేవాళ్లకు మాత్రం డిజిటలే లాభం.

నెట్ స్పీడ్ కూడా చూసుకోవాలి. 100 జీబీ గేమ్ దింపడానికి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో రెండుంపావు గంటలు పడుతుంది. 40 ఎంబీపీఎస్ అయితే ఐదున్నర గంటలు. అదీ స్పీడ్ ఎక్కడా తగ్గకపోతేనే.

నింటెండో ఇండియాలో అధికారికంగా కన్సోళ్లు అమ్మడం లేదు. అందుకే చాలా ఇళ్లకు స్విచ్ అమెరికా నుంచో, దుబాయ్ నుంచో బంధువుల సూట్‌కేసులో వస్తుంది. స్విచ్ కార్డులకు రీజియన్ లాక్ లేదు కాబట్టి అక్కడ కొన్న కార్డు ఇక్కడా పనిచేస్తుంది.

కొనేముందు ఇవి చూసుకోండి

- డ్రైవ్ తర్వాత తగిలించుకోవచ్చా?: సన్నటి పీఎస్5 డిజిటల్‌కు, పీఎస్5 ప్రోకు తగిలించొచ్చు. 2020 నాటి లావు డిజిటల్ మోడల్‌కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు కుదరదు.
- మొదటిసారి నెట్ తప్పనిసరి: విడిగా కొన్న పీఎస్5 డ్రైవ్‌ను తొలిసారి పెట్టినప్పుడు నెట్ ద్వారా కన్సోల్‌తో జత చేయాలి.
- డబ్బా వెనక చదవండి: 'డౌన్‌లోడ్ అవసరం', 'ఆన్‌లైన్ తప్పనిసరి', 'గేమ్ కీ కార్డు' అని రాసి ఉంటే లోపల గేమ్ పూర్తిగా లేనట్టే.
- రీజియన్ గుర్తుంచుకోండి: పీఎస్5 డిస్క్ ఏ దేశానిదైనా ఆడుతుంది. కానీ దానికి అదనంగా కొనే కంటెంట్, డిస్క్ ఏ రీజియన్‌దో ఆ రీజియన్ అకౌంట్ నుంచే కొనాలి.
- సెకండ్ హ్యాండ్ డిస్క్: వెలుతురులో తిప్పి గీతలు చూడండి. వీలైతే ఇన్‌స్టాల్ పూర్తయ్యే దాకా ఆగి డబ్బులివ్వండి.

డిస్కులు రేపటికి రేపే మాయమైపోవు. కొత్త పీఎస్5కి డ్రైవ్ తగిలించుకునే చోటును సోనీ ఉంచిందంటే, ఇంకా కొనేవాళ్లున్నారని దానికి తెలుసు. పీసీ గేముల్లో మాత్రం డిస్క్ ఎప్పుడో పోయింది, ఎవరూ పెద్దగా అడ్డుపడలేదు. కన్సోళ్లలోనూ అదే జరుగుతుందా లేదా అన్నది వచ్చే తరం మోడళ్లలో తేలుతుంది. అప్పటిదాకా డిస్క్ మోడల్‌కు పెట్టే ఆ పది వేలు దేనికోసమో తెలిసి పెట్టండి. వద్దనుకుంటే, ఏం వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.